అధికారిక అనధికార గీతం

చింతలమెరకలో బేస్‌బాల్ ఆడాలని ఎవరికీ కోరిక పుట్టలేదు. బ్యాట్లు వచ్చాయి. అంతే.

జిల్లా క్రీడా కార్యాలయం వాళ్ళు క్రికెట్ సామాను కావాలని రాసుకుంటే రాజధాని నుంచి లారీలో ఇవి దిగాయి. రోకలిబండల్లా గుండ్రంగా ఉన్నాయి. తిప్పి పంపడానికి నిబంధన లేదు. మూలన పడేస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు. వాడినట్టు చూపించాలంటే జట్టు ఉండాలి. అందుకని జిల్లా క్రీడాధికారి విశ్వంభరరావు గారు ఒక శుభముహూర్తాన జట్టుని స్థాపించారు. రైసుమిల్లులో బస్తాలు మోసేవాళ్ళు, రేవులో ఇసుక ఎత్తేవాళ్ళు, కాలేజీ మానేసి ఖాళీగా తిరిగేవాళ్ళు జట్టులో చేరారు. గెలిస్తే క్రీడల కోటాలో ఉద్యోగాలొస్తాయని వాళ్ళకి చెప్పారు. ఆ మాట చెప్పడానికి ఖర్చేం లేదు కాబట్టి గట్టిగానే చెప్పారు.

సెల్‌ఫోన్లు ఇంకా ఆ ఊరి ముఖం చూడని రోజులవి. ఊళ్ళో ఏ సభ జరిగినా, పెళ్ళి జరిగినా, చావు కబురు చాటించాలన్నా ముత్యాలరావు మైకుసెట్టే దిక్కు. బజారులో ముందు కొట్టు, వెనక ఇల్లు, డాబా మీద రేకు గొట్టంలాంటి పెద్ద మైకు హారన్. ముత్యాలరావుకి యాభై దాటాయి. ఎవరితోనూ అట్టే మాట్లాడడు. మాట్లాడితే అవతలివాడు ఆ రోజంతా ఆ మాటే నెమరేసుకుంటూ తిరగాలి. భార్య లోవతల్లి పోయాక ఆ కాస్త మాటా తగ్గింది.

లోవతల్లి ఉన్నప్పుడు ఆ ఇంట్లో ఒక అలవాటు ఉండేది. ముత్యాలరావు పొద్దున్నే పందిళ్ళకి వైర్లు లాగడానికి పోయేవాడు. ఏ వీధిలో ఉంటాడో ఆయనకే తెలిసేది కాదు. మధ్యాహ్నం వంట కాగానే ఆవిడ డాబా ఎక్కి, హారన్ని ఆయన వెళ్ళిన దిక్కుకి తిప్పి, కిందకి దిగి ఒక పాట పెట్టేది. అప్పట్లో బస్సుల్లోనూ కిళ్ళీకొట్లలోనూ తెగ మోగిన ప్రైవేటు పాట.

*పులుసు సల్లారిపోతంది మావో, పరిగెట్టి రా...*

పాట అయిపోగానే మైకు తీసి ఒక్క కేక వేసేది. "ఏవండోయ్! మిమ్మల్నే! ఇనపళ్ళేదా?"

ఆయన ఎక్కడున్నా నిచ్చెన దిగి వచ్చేసేవాడు. కొన్నాళ్ళకి ఊరంతా ఆ పాటకే కంచాలు కడగడం నేర్చుకుంది. గోళీలాడే పిల్లలు పాట వినపడగానే గోళీలు అక్కడే వదిలేసి ఇళ్ళకి పరిగెత్తేవాళ్ళు. ఆ కేక పడ్డాక కూడా వీధిలో ఉన్నవాడికి ఇంట్లో తన్నులు పడేవి.

ఒకసారి కొత్త టేప్‌రికార్డరు పరీక్షిస్తూ ముత్యాలరావు రికార్డు మీట నొక్కి మర్చిపోయాడు. పాటా, చివర్న ఆవిడ కేకా ఒక కేసెట్లోకి ఎక్కాయి. కేసెట్ మీద ఆవిడ చేతి పసుపు మరక కూడా అంటింది. ఆవిడ గొంతు ఈ భూమ్మీద మిగిలింది అందులోనే. ముత్యాలరావు దాన్ని ఆంప్లిఫయరు పెట్టెలో ఒక మూల పెట్టుకున్నాడు. పెట్టి వినేవాడు కాదు. ఇంకో కాపీ తీసిపెట్టుకోవాలని కూడా అనుకోలేదు. తన వస్తువు తన పెట్టెలోంచి ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు. అప్పటికింకా ప్రభుత్వంతో పరిచయం లేదు.

జట్టు మొదటి మ్యాచి హైస్కూలు మైదానంలో పెట్టారు. జనం వచ్చారు, అర్థం కాలేదు, కూర్చున్నారు. ఆట సంగతి ఇది. ఒకడు బంతి విసురుతాడు, ఒకడు కొడతాడు. కొట్టినవాడు మైదానంలో మూడు మూలలూ చుట్టి, బయల్దేరిన చోటుకే తిరిగొస్తే ఒక పరుగు. మనవాళ్ళు మూడో మూలదాకా బాగానే పోయి అక్కడ ఆగిపోతున్నారు. ముందుకు రావాలా, ఉండాలా తెలియక దిక్కులు చూస్తున్నారు. అవతల జట్టు వాళ్ళు వచ్చి బంతి తగిలించి పంపేస్తున్నారు.

వేదిక మీద విశ్వంభరరావు గారు మాత్రం ఆగలేదు. ఆట మొదలైనప్పుడు ఎత్తుకున్న ప్రసంగం ఆట సగమైనా సాగుతూనే ఉంది.

"క్రీడలనునవి శారీరక దారుఢ్యమునకే గాక, జాతి సమగ్ర పురోభివృద్ధికి సోపానములని ఈ సందర్భముగా మనవి చేసుకుంటూ..."

ఎండ నడినెత్తికొచ్చింది. ముత్యాలరావుకి ఆకలి వేసింది. ఇంటికి పోయినా కుంపటి మీద ఏమీ ఉండదని గుర్తొచ్చి ఒళ్ళు మండింది. పెట్టెలో చెయ్యి పెట్టాడు. చేతికి దొరికిన కేసెట్ టేప్‌రికార్డర్లో తోసి, వేదిక మీది మైకు కట్టేసి, మీట నొక్కాడు.

*పులుసు సల్లారిపోతంది మావో, పరిగెట్టి రా...*

ప్రసంగం ఆగిపోయిందని జనం ముందు చప్పట్లు కొట్టారు. తర్వాత మైదానంకేసి చూశారు. మూడో మూలలో అబ్బులు ఉన్నాడు. రైసుమిల్లులో పనిచేస్తాడు. ముత్యాలరావు పక్కింటివాడు, చిన్నప్పుడు సగం పూటలు లోవతల్లి చేతి అన్నమే తిన్నవాడు. పాట వినగానే వాడి మెడ నిక్కింది. చివర్న ఆ కేక పడింది. "ఏవండోయ్! మిమ్మల్నే! ఇనపళ్ళేదా?"

అబ్బులు పరిగెత్తాడు. ఎందుకు పరిగెత్తాడో వాడికే తెలియదు. బంతి పట్టుకున్న మనిషిని దాటుకుని, ఇంకో మనిషిని గుద్దుకుని, బయల్దేరిన చోట దబ్బున పడ్డాడు. పరుగు. చింతలమెరక గెలిచింది.

ఆ సాయంత్రం అబ్బులు కొట్టు దగ్గరికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"బాబాయ్, పిన్ని గొంతు వినగానే కాళ్ళు ఆగలేదు బాబాయ్."

"నీ కాళ్ళు ఆగకపోతే నాకేంట్రా. ఆ పెద్దమనిషి నోరు ఆగింది. నాకది చాలు."

తర్వాత మ్యాచిలో మనవాడు మూడో మూలకి చేరగానే జనమే పాట అందుకున్నారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, అప్పడాలమ్మేవాడు అందరూ పాడారు. మనవాళ్ళు అందరూ ఇంటికి పరిగెత్తుకొచ్చినట్టే వచ్చారు. మళ్ళీ గెలిచారు. ఆ తర్వాత కూడా గెలిచారు. పోటీలకి పక్క ఊళ్ళు వెళ్తే జనం లారీల మీద వెళ్ళి పాడొచ్చారు. కేక దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరూ ఆగేవాళ్ళు. ఆ ఒక్క మాటా కేసెట్లోంచే రావాలి. ఊరి మర్యాద అది. ఎవరూ పెట్టిన నియమం కాదు కాబట్టి అందరూ పాటించారు.

ముత్యాలరావు పాట పెట్టేటప్పుడు పక్కకి తిరిగి వైర్లు సర్దుకుంటున్నట్టు నటించేవాడు. ఊరికి తెలుసు. ఎవరూ అటు చూసేవాళ్ళు కాదు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ జిల్లా పత్రికలో ఎవరో విలేకరి రాశాడు: చింతలమెరక జట్టుకి ఈ పాట అనధికార గీతం అయిపోయింది.

ఆ మాట విశ్వంభరరావు గారి కంట పడింది. జిల్లాలో ఒక విషయం అనధికారంగా జరుగుతోందని పత్రికలో వచ్చాక, సంబంధిత అధికారి చేతులు ముడుచుకుని కూర్చోకూడదు. జీపు కొట్టు ముందు ఆగింది.

"ముత్యాలరావుగారూ, మీరు ఈ గీతమును ఏ ఉత్తర్వు ప్రకారము అనధికారముగా వినిపిస్తున్నారు?"

"ఆకలేసి వేశానండి."

"అది కారణము. నేనడుగుతున్నది ఉత్తర్వు."

"ఉత్తర్వుంటే అది అనధికారం ఎలాగవుతుందండీ?"

విశ్వంభరరావు గారు చిరునవ్వు నవ్వారు. చదువులేనివాళ్ళ మీద ఆయనకి ఎప్పుడూ జాలే.

"అదే మా శాఖ పరిశీలించబోతున్నది. మూలప్రతిని కమిటీకి సమర్పించవలెను. సమర్పించనిచో గీతమునకు గుర్తింపు లేదు. గుర్తింపు లేని గీతముతో గెలిచిన జట్టునకు కూడా గుర్తింపు ఉండదు. ఆలోచించుకొనుడు."

ముత్యాలరావు ఆలోచించలేదు. ఇవ్వనన్నాడు. సాయంత్రం అబ్బులు వచ్చాడు.

"జట్టు రద్దు చేసేత్తారంట బాబాయ్. గెలిచినయ్యి కూడా కొట్టేత్తారంట. ఇంకొక్క మ్యాచి గెలిత్తే నాకు ఉద్యోగం బాబాయ్. నడుం ఇరిగిపోతంది ఆ బస్తాల కింద."

"వాళ్ళ చేతికిస్తే తిరిగొస్తదా?"

"ఆఫీసోళ్ళు బాబాయ్. దొంగలు కాదు గదా."

ముత్యాలరావు పెట్టె తెరిచాడు. "దొంగయితే వెనకాల పరిగెత్తొచ్చురా," అన్నాడు. కేసెట్ ఇచ్చాడు.

అనధికార గీతాల గుర్తింపు కమిటీ జిల్లా కేంద్రంలో కూర్చుంది. విశ్వంభరరావు గారు అధ్యక్షులు. భాషాభ్యున్నతి శాఖ తరఫున సదానందం గారు వచ్చారు. కేసెట్ యజమాని హోదాలో ముత్యాలరావుకి గోడ పక్కన స్టూలు వేశారు.

మొదటి చిక్కు మొదట్లోనే వచ్చింది. గుర్తిస్తే అనధికారం కాదు, గుర్తించకపోతే కమిటీ ఎందుకు? టీలు తాగాక పరిష్కారం దొరికింది. ఇకనుంచి అది 'అధికారికముగా గుర్తింపు పొందిన అనధికార గీతము'. ప్రజలు దాన్ని ముందస్తు అనుమతితో ఆశువుగా పాడాలి.

తర్వాత సదానందం గారు కళ్ళజోడు పెట్టుకున్నారు.

"'మావో' అని ఉన్నది. ఎవరు ఎవరికి మామ? పరుగెత్తువాడు అవివాహితుడైనచో ఈ సంబోధన అతని భవిష్యత్తుకు భంగకరము. 'ఓ క్రీడాకారుడా' అని సవరించవలెను."

"సముచితము," అన్నారు విశ్వంభరరావు గారు.

"ఇక పులుసు. ఏ పులుసు? చేపల పులుసైనచో శాకాహారుల మనోభావములు దెబ్బతినును. బెండకాయ పులుసైనచో చేపలు తినువారు నిరుత్సాహపడుదురు."

"'ఆహార పదార్థము' అందామా?"

"అందాము. 'సల్లారిపోతంది' శిష్టము కాదు. 'చల్లారుచున్నది'. మరి 'పరిగెట్టి రా' అనుటలో గౌరవము లోపించినది. పైగా పరుగెత్తి కాలు విరిగినచో శాఖ బాధ్యత వహించవలసి వచ్చును. 'క్రమశిక్షణతో విచ్చేయుము'."

ఆ విధంగా పాట తయారైంది.

*ఆహార పదార్థము చల్లారుచున్నది, ఓ క్రీడాకారుడా, క్రమశిక్షణతో విచ్చేయుము.*

ముత్యాలరావుకి ఆ పాటతో పేచీ లేదు. అలా పిలిస్తే తను జన్మలో భోజనానికి వెళ్ళేవాడు కాదు, అంతే.

"చివర్న ఎవరో స్త్రీ కేకలు వేయుచున్నది. ఎవరామె?" అన్నారు సదానందం గారు.

"మా ఆవిడండి."

"ఆమె అంగీకారము కావలెను. ఒకసారి కార్యాలయమునకు పంపుడు."

"రాదండి."

"ఏల రాదు? వాహన సదుపాయము కల్పించెదము."

"పోయిందండి."

విశ్వంభరరావు గారు గొంతు సవరించుకున్నారు.

"మిక్కిలి విచారకరము. అయితే అంగీకారమునకు ఆమె హాజరు మినహాయించవచ్చును."

ముత్యాలరావు స్టూలు మీంచి లేచాడు. ఆఫీసులో చేతులు కట్టుకోవడం ఆయనకి అలవాటు లేదు, ఆ రోజు కట్టుకున్నాడు.

"బాబూ, పాటని మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి. నాకక్కర్లేదు. ఆ ఆఖరి మాట ముట్టుకోకండి. ఆ గొంతు ఇంకెక్కడా లేదండి. కేసెట్టు నాకు తిరిగిచ్చెయ్యండి."

"ఆందోళన వలదు," అన్నారు విశ్వంభరరావు గారు, చెయ్యి పైకెత్తి. "ప్రభుత్వ సంరక్షణలో ఉన్న వస్తువునకు మించిన భద్రత ఏ వస్తువునకు ఉన్నది?"

ఫైనలుకి ముందు ఊళ్ళో శిక్షణ మొదలైంది. ఆశువుగా పాడటంలో శిక్షణ. వీధివీధికీ ఒక పీటీ మాస్టరు వచ్చి జనాన్ని బారులు తీర్చాడు. ఉత్సాహం ఎప్పుడు పొంగాలో ఈల వేసి చెబుతాడు, ఎప్పుడు తగ్గాలో రెండో ఈల వేసి చెబుతాడు. ఈల వెయ్యకముందే పొంగిన చేపల గున్నమ్మని బయటికి పంపారు.

గీతానికి గౌరవం కూడా నిర్ణయించారు. గీతం వినిపించేటప్పుడు అందరూ లేచి నిలబడాలి. కదలకూడదు. 'అందరూ' అంటే ఆటగాళ్ళు కూడా.

ఇది విని అబ్బులు కొట్టు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"బాబాయ్, మనోడు మూడో మూలకొచ్చినప్పుడు పాట పెడతారంట. పాట పెడితే కదలకూడదంట. మరి పరుగు ఎప్పుడు తియ్యాలి?"

"అడగలేదా?"

"అడిగాను. 'పరుగు ముఖ్యమా, గౌరవం ముఖ్యమా' అన్నారు."

"నువ్వేటన్నావు?"

"ఉద్యోగం అన్నాను బాబాయ్. ఆయనకి ఇనపళ్ళేదు."

మైదానంలో ఆ పాతకాలపు మైకుసెట్టంతా సర్దడానికి ముత్యాలరావు తప్ప ఇంకో మనిషి లేడు కాబట్టి ఫైనలుకి కూడా ఆయన్నే పిలిచారు. ఎదురు జట్టు పక్క జిల్లా వాళ్ళు. వేదిక మీద సోఫాలు, సోఫాల్లో అధికారులు. విశ్వంభరరావు గారి ప్రసంగం అయ్యాక ఒక గుమాస్తా వచ్చి కవరులోంచి కేసెట్ తీసి ఇచ్చాడు.

"సవరించిన గీతం. కాలేజీ అమ్మాయిల చేత పాడించాం."

ముత్యాలరావు కేసెట్ అందుకున్నాడు. మూల పసుపు మరక ఉంది.

"ఇది నాదే గదండీ. దీని మీద..."

"కొత్త కేసెట్టు కొనడానికి అనుమతి రాలేదు. ఉన్నదాని మీదే ఎక్కించమన్నారు. పొదుపు." గుమాస్తా వెళ్ళిపోయాడు.

ముత్యాలరావు కేసెట్ టేప్‌రికార్డర్లో తోశాడు. చివర్న ఉండి ఉంటుందిలే అనుకున్నాడు. పాట మార్చి ఉంటారు, చివర కేక జోలికి పోయి ఉండరు. బతిమాలుకున్నాడు కదా. పెద్దమనిషి చెయ్యెత్తి మరీ చెప్పాడు కదా.

ఆట సమానంగా నడిచింది. ఆఖరి వంతులో అబ్బులు మూడో మూలకి చేరాడు. ఒక్క పరుగు చాలు. పీటీ మాస్టరు ఈల వేశాడు. ముత్యాలరావు మీట నొక్కాడు.

*ఆహార పదార్థము చల్లారుచున్నది...*

జనం లేచారు. మన జట్టు లేచింది. బ్యాటు పట్టుకున్నవాడు దాన్ని తుపాకీలా భుజానికి ఆనించి నిలబడ్డాడు. అబ్బులు చేతులు తొడలకి అంటించుకున్నాడు. పక్క జిల్లా వాళ్ళు అంపైరుకేసి చూశారు. ఆ గీతం తనకి వర్తించదని అంపైరు భుజాలు ఎగరేశాడు. బంతి విసిరేవాడు విసిరాడు. కొట్టాల్సినవాడు కదల్లేదు. వెనక పట్టుకోవాల్సినవాడు ఇదంతా వింతగా చూస్తూ బంతి వదిలేశాడు. బంతి దొర్లుకుంటూ పోయి వేదిక మీది సోఫా కిందికి దూరింది.

దారంతా ఖాళీ. అబ్బులు నడిచి వచ్చినా పరుగే. కానీ గీతం నడుస్తోంది. బంతి కోసం వచ్చినవాడు సోఫా ముందు మోకాళ్ళ మీద కూర్చుని అధికారుల కాళ్ళ మధ్య చేతులు పెట్టి వెతుకుతున్నాడు. "కొంచెం కాలు తియ్యండి సార్" అంటున్నాడు. గీతానికి గౌరవంగా ఒక్క కాలూ కదల్లేదు.

*...క్రమశిక్షణతో విచ్చేయుము.*

పాట అయిపోయింది. టేపు బరబరా తిరిగింది. ముత్యాలరావు మొట్టమొదటిసారి పక్కకి తిరగలేదు. హారన్‌కేసే చూశాడు. ఊరంతా అటే చూసింది.

హారన్‌లోంచి విశ్వంభరరావు గారి గొంతు వచ్చింది. "గీతము సమాప్తము. తదుపరి ఆదేశము వరకు ఎవరును కదలరాదు."

ముత్యాలరావు టేపు కట్టేశాడు. మైకు తీసుకున్నాడు. ఆయన గొంతు బొంగురు గొంతు, ఆడగొంతు కాదు. కానీ ఆ కేక ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ దించాలో ఆయనకంటే ఎక్కువ విన్నవాడు లేడు.

"ఏవండోయ్! మిమ్మల్నే! ఇనపళ్ళేదా?"

అబ్బులు పరిగెత్తాడు. ఒక్కడే కాదు, అటువైపు నిలబడ్డ జనంలో సగంమంది ఎటుకో తెలియకుండా నాలుగడుగులు పరిగెత్తి ఆగారు. అబ్బులు ఇంటికొచ్చినట్టే బయల్దేరిన చోటుకి చేరాడు. అంపైరు చేతులు చాచి పరుగు ఇచ్చాడు. పక్క జిల్లా వాళ్ళు కూడా ఒప్పుకుని చేతులు కలపడానికి వచ్చారు.

ఒప్పుకోనిది మన జిల్లాయే. విశ్వంభరరావు గారు వేదిక దిగొచ్చి ముత్యాలరావు చేతిలోని మైకు తీసుకున్నారు.

"గీతమునకు అగౌరవము కలిగించి ఆర్జించిన పరుగును మా జిల్లా స్వచ్ఛందముగా ఉపసంహరించుకొనుచున్నది."

అంపైరు పాపం, తన ఉద్యోగంలో అలాంటిది వినలేదు. రెండుసార్లు అడిగాడు. తర్వాత కప్పు పక్క జిల్లాకి ఇచ్చాడు. మన జిల్లాకి క్రమశిక్షణ ప్రశంసాపత్రం వచ్చింది. అబ్బులు పేరు జట్టులోంచి తీసేశారు. మర్నాటినుంచి మళ్ళీ మిల్లుకి పోయాడు. కేసెట్ ఎవరూ అడగలేదు. ముత్యాలరావు జేబులో వేసుకుని వచ్చేశాడు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. ఆ తర్వాత విశ్వంభరరావు గారు ఏ సభలో లేచి "ఈ సందర్భముగా" అన్నా, వెనకనుంచి ఎవరో ఒకరు "ఏవండోయ్! మిమ్మల్నే! ఇనపళ్ళేదా?" అనేవాళ్ళు. ముందు ఒకడు, తర్వాత వరస, తర్వాత సభంతా. చేపల గున్నమ్మ ఈలతో పని లేకుండా అందరికంటే ముందు పొంగేది. రేషను షాపు ముందూ అదే, కరెంటాఫీసు ముందూ అదే.

పత్రికలో వచ్చింది: జిల్లా ప్రజలకి ఇది అనధికార నినాదం అయిపోయింది.

జీపు మళ్ళీ కొట్టు ముందు ఆగింది. మధ్యాహ్నం వేళ. విశ్వంభరరావు గారు దిగారు.

"ముత్యాలరావుగారూ, ప్రజలలో పెల్లుబుకుచున్న ఈ నినాదమును క్రమబద్ధీకరించుటకు కమిటీ వేసితిమి. దాని మూలప్రతి తమ వద్ద ఉన్నదని తెలిసినది."

ముత్యాలరావు జేబులోంచి కేసెట్ తీసి, పసుపు మరక పైకి ఉండేలా బల్ల మీద పెట్టాడు.

"ఉండేదండి. అందులోనే ఉంది. మీ గొంతు కింద. గోకి తీసుకోండి."

విశ్వంభరరావు గారు కేసెట్ అటూ ఇటూ తిప్పి చూశారు. "సాంకేతికముగా సాధ్యమేనా?" అన్నారు గుమాస్తాతో. గుమాస్తా పరిశీలించాలన్నాడు.

ముత్యాలరావు వాళ్ళని అక్కడే వదిలి లేచాడు. భోజనం వేళయింది. ఎవరూ పిలవలేదు. వెళ్ళాడు.